పదకొండో నిబంధనకు మూడు పీరియడ్లు

మా రోజుల్లో అమెరికా, జపానుల నడుమ కుదిరిన కనగావా సంధిలోని పదకొండో నిబంధన ఒక్కదానికే నేను మూడు పీరియడ్లు తీసుకునేవాణ్ణి. బందరులో డిగ్రీ పిల్లలకు తూర్పు ఆసియా చరిత్ర చెప్పినన్నాళ్ళూ అంతే. ఇప్పుడు మా మనవడి పుస్తకంలో ఆ సంధి మొత్తానికీ రెండు వాక్యాలు. అమెరికా నౌకాదళాధికారి పెర్రీ నాలుగు నల్ల ఓడలతో వచ్చాడు, జపాను భయపడి తలుపులు తెరిచింది. అయిపోయింది. వాడు ఫోనులో చూపించిన నిమిషం వీడియోలో అదీ లేదు. ఫిరంగి మోత, కత్తి దూసిన ఒక సమురాయి, అంతే.

నాకు ఒళ్ళు మండింది. వాడి మీద కాదు. మాటమాటకూ తూకం వేసి దేశాన్ని కాపాడుకోజూసిన మనుషులను ఆ రెండు వాక్యాలు తుడిచేశాయి, అందుకు.

మా ఊళ్ళో వలందపాలెం ఉంది. డచ్చివాళ్ళను మన పెద్దలు వలందావాళ్ళు అనేవారు, ఆ పేరు అలా నిలిచిపోయింది. ఆ వలందావాళ్ళే నాగసాకి ఒడ్డున దేజిమా అనే చిన్న కట్టుడు దీవిలో 1641 నుంచి రెండు శతాబ్దాలకు పైగా ఉన్నారు. మన కోరమండల్ తీరం అద్దకం బట్టలు వాళ్ళ ఓడల్లో జపాను వెళ్ళేవి, జపాను రాగి ఇటు వచ్చేది. నేను పాఠం వలందపాలెం నుంచే ఎత్తుకునేవాణ్ణి. వెనక బెంచీవాళ్ళు కూడా సర్దుకుని కూర్చునేవారు.

దేజిమా మూలాన నాగసాకిలో దుబాసీల వంశాలు ఏర్పడ్డాయి. తండ్రి నుంచి కొడుకుకు డచ్చి భాష వచ్చేది. మొరియామా ఐనోసుకే అలాంటి ఇంటివాడు. 1848లో రానల్డ్ మెక్‌డొనాల్డ్ అనే సాహసి, తల్లి వైపు అమెరికా ఆదివాసి, పడవ మునిగినట్టు నటించి ఉత్తరాన ఒక జపాను దీవిలో దిగాడు. పట్టుకుని నాగసాకి తెచ్చి నిర్బంధించారు. అక్కడ మొరియామాతో కలిపి పద్నాలుగు మంది దుబాసీలు అతని దగ్గర కూర్చుని, ఒక్కో మాటా పలికించుకుని ఇంగ్లీషు నేర్చుకున్నారు. పెర్రీ రావడానికి ఇంకా ఐదేళ్ళుంది. రాబోయేదాన్ని ముందే పసిగట్టి ఖైదీ దగ్గర భాష నేర్చుకున్నవాళ్ళను భయపడినవాళ్ళు అంటామా?

1853 జూలైలో ఉరాగా దగ్గర నల్ల ఓడలు ఆగినప్పుడు దుబాసీ హోరి తత్సునోసుకే పడవలో వెళ్ళి, నేను డచ్చి మాట్లాడగలను అని ఇంగ్లీషులో కేక వేశాడు. జపానీ నుంచి డచ్చికి, డచ్చి నుంచి ఇంగ్లీషుకు, మళ్ళీ అదే దారిన వెనక్కి. ఆ నాలుగు ఓడల్లో ఆవిరివి రెండే, మిగతా రెండూ తెరచాపలవి. ఈ మాట కూడా ఇప్పుడెవరూ చెప్పరు.

మరుసటి ఏడు పెర్రీ ఇంకా పెద్ద దండుతో తిరిగొచ్చాడు. ఎదురు కూర్చున్నది హయాషి అకిరా, తరతరాల కన్ఫ్యూషియన్ పండిత వంశం వాడు. ఓడ పగిలిన నావికులను మీరు దయగా చూడరు, మెక్సికోతో మేం యుద్ధం చేశాం చూడండి అని పెర్రీ బెదిరించాడు. హయాషి తొణకలేదు. మేం వాళ్ళను నాగసాకి చేర్చి డచ్చివాళ్ళ ద్వారా ఇంటికి పంపుతూనే ఉన్నాం అన్నాడు. వర్తకం మాట వచ్చేసరికి, మీరు వచ్చింది మనుషుల ప్రాణాల కోసమన్నారు, వర్తకానికీ ప్రాణాలకూ సంబంధమేమిటని అడిగాడు. పెర్రీ ఆ కోరిక వదులుకున్నాడు. 1854 మార్చి 31న కుదిరిన పన్నెండు నిబంధనల్లో షిమోదా, హకోదాతే రేవులు తెరవడం ఉంది, వర్తక ఒప్పందం లేదు.

ఇక పదకొండోది. షిమోదాలో అమెరికా కాన్సులును పెట్టే విషయం. రెండు ప్రభుత్వాల్లో ఏ ఒక్కటి అవసరమనుకున్నా పెట్టవచ్చని ఇంగ్లీషు ప్రతి. రెండు ప్రభుత్వాలూ అవసరమనుకుంటేనే అని జపానీ ప్రతి. 1856 ఆగస్టులో టౌన్‌సెండ్ హారిస్ కాన్సులుగా దిగేసరికి షిమోదా అధికారులు నివ్వెరపోయి, వెనక్కి వెళ్ళమన్నారు. ఆయన వెళ్ళలేదు. ఒక్క మాట తేడా. ఇప్పుడు ఫోను ముందు పెట్టి మాట్లాడితే అదే అనువదిస్తుందట. దారి అడగడానికి చాలు. కానీ రెండు భాషల ప్రతులూ పక్కపక్కన పెట్టుకుని ఈ మాటా ఆ మాటా ఒకటేనా అని చూసే అలవాటు పోయింది. ఇంటి అమ్మకం దస్తావేజు కూడా చదవకుండా సంతకం పెడుతున్నారు. మూడు పీరియడ్లు నేను ఊరికే తీసుకోలేదు.

రష్యా కథ ఇంకా గొప్పది. 1854 డిసెంబరులో రష్యా రాయబారి పుత్యాతిన్ షిమోదాలో చర్చలు జరుపుతుండగా భూకంపం, ఆ వెంటే ఉప్పెన. ఊరు ఊరంతా కొట్టుకుపోయింది. రష్యా ఓడ డయానా చితికిపోయి, బాగుచేయడానికి లాక్కెళుతుంటే మునిగింది. ఇల్లూ వాకిలీ పోయిన జనం ఆ నావికులను కాపాడారు. హెదా అనే పల్లెలో జపాను వడ్రంగులు రష్యావాళ్ళతో కలిసి కొత్త ఓడ కట్టారు, దానికి ఆ పల్లె పేరే పెట్టారు. అలాంటి స్థితిలోనూ జపాను తరఫున కూర్చున్న కవాజి తోషియకిరా సరిహద్దు గీత దగ్గర సడలలేదు. 1855 ఫిబ్రవరి 7న ఎతొరోఫు, ఉరుప్పు దీవుల నడుమ గీత పడింది. ఆ గీతకు దక్షిణాన ఉన్న దీవులు తనవేనని జపాను ఈనాటికీ ఆ కాగితాన్నే చూపిస్తుంది.

ఈ జపాను దూతలు తప్పులు చేయలేదనను. అమెరికాతో 1858లో చేసుకున్న సంధిలో విదేశీయులను వాళ్ళ కాన్సులే విచారించాలని ఒప్పుకున్నారు, సుంకాల మీద పట్టు పోగొట్టుకున్నారు. మొదటిది తొలగడానికి 1899 దాకా, రెండోదానికి 1911 దాకా పట్టింది. జపానులో బంగారానికి వెండి సుమారు ఐదింతలు, బయట పదిహేనింతలు. ఆ తేడాతో బంగారం తరలిపోయింది. అదే సంధిలో నల్లమందు దిగుమతి మీద నిషేధం కూడా ఉంది. మన దేశంలో పండిన నల్లమందు చైనాను ఏం చేసిందో తెలిసినవాళ్ళకు ఆ ఒక్క వాక్యం విలువ తెలుస్తుంది. ఇక ఆ బంగారం లెక్క తేల్చడానికి, 1860లో అమెరికా వెళ్ళిన ఒగురి తదమాసా ఫిలడెల్ఫియా టంకశాలలో, చిన్న ముక్క కాదు, నాణెం మొత్తం పరీక్షించాల్సిందే అని పట్టుబట్టి కూర్చున్నాడు.

ఆ తర్వాత వాళ్ళకు జరిగింది చెప్పేటప్పుడు తరగతిలో నా గొంతు పట్టేసేది. 1858 సంధి మీద సంతకం చేసిన ఇవాసే తదనారి పదవి పోయి, ఇంట్లోనే నిర్బంధంలో ఉండి 1861లో పోయాడు. 1868లో వీళ్ళు కొలిచిన షోగునుల పాలన కూలి, వాళ్ళ రాజధాని ఎదోలోని కోట కొత్త ప్రభుత్వానికి అప్పగింత ఖాయమైన వేళ, పక్షవాతంతో ఉన్న కవాజి తుపాకీతో కాల్చుకున్నాడు. అదే ఏడు ఒగురి తల నరికారు. ఏ పిల్లాడి వీడియోలోనూ వీళ్ళ పేర్లు లేవు.

మనవణ్ణి ఆదివారం రమ్మన్నాను. ఫోను బయట పెట్టి రమ్మన్నాను. పదకొండో నిబంధన రెండు ప్రతుల సారాంశం నా చేత్తో రాసిన పాత నోట్సులో ఇంకా ఉంది. మూడు పీరియడ్లు పడుతుందని ముందే చెప్పాను.