అన్నిటికీ ఆకుపచ్చే: సిమ్యులేటర్‌లో సిగ్నళ్లు పాతేవారికి చిట్కాలు

ఓపెన్ రైల్స్‌లో కాజీపేట–విజయవాడ రూటు కడుతున్నారా? పట్టాలు పరిచారు, మహబూబాబాద్, డోర్నకల్, ఖమ్మం స్టేషన్లు నిలబెట్టారు, కరెంటు తీగలు లాగారు. ఇక మిగిలింది సిగ్నళ్లే కదా, ఒక్క పూట పని. ఈ చిట్కాలు పాటించండి, అసలు రైల్వే చూసి సిగ్గుపడాలి.

1. ముందు సోకు, తర్వాతే నడవడి. స్తంభానికి తుప్పు, గొడుగు మీద కాకిరెట్ట, నిచ్చెనకు ఊడిన పెయింటు... నెల రోజులు వీటి మీదే కూర్చోండి. ఏ దీపం ఎప్పుడు వెలగాలో చెప్పే స్క్రిప్టు ఫైలు మాత్రం వేరే దేశపు రూటులోంచి ఎత్తుకొచ్చి పడేయండి. రంగులు ఎక్కడైనా రంగులేగా!

2. పసుపు దీపాలు రెండూ పక్కపక్కన పెట్టండి. మన నాలుగు దీపాల సిగ్నల్‌లో పై నుంచి పసుపు, ఆకుపచ్చ, పసుపు, ఎరుపు ఉంటాయి. పసుపుల మధ్య ఎడం ఉంటేనే దూరం నుంచి రెండుగా తెలుస్తాయట. మనకేం, మానిటర్ మూరెడు దూరంలోనే ఉంది. పైగా ఒకటి కంటే రెండు ఎక్కువ కనుక జంట పసుపునే పెద్ద హెచ్చరికగా పెట్టండి. రైల్వేవాళ్ల లెక్క తిరగేసి ఉంటుంది: జంట పసుపంటే తర్వాతి సిగ్నల్‌ను తగ్గించిన వేగంతో దాటడానికి సిద్ధంగా ఉండమని, ఒంటి పసుపంటే తర్వాతి స్టాప్ సిగ్నల్ దగ్గర ఆగడానికే సిద్ధంగా ఉండమని.

3. డిస్టెంట్ సిగ్నల్‌కు ఎర్రదీపం బిగించండి. పాపం, అసలు దానికి ఎరుపే లేదు. ముందున్న హోమ్ సిగ్నల్ (బండిని స్టేషన్‌లోకి రానిచ్చేది) సంగతి చెప్పడమే దాని ఉద్యోగం. రెండు డిస్టెంట్లున్న చోట హోమ్‌కు 2 కి.మీ. ముందు ఒకటి, 1 కి.మీ. ముందు ఇంకొకటి ఉంటాయి. అంత దూరం దేనికి? మూడూ ఒకే స్క్రీన్‌షాట్‌లో పడేలా దగ్గరికి లాగండి. గంటకు 110 కి.మీ. వేగంతో వచ్చే 24 బోగీల బండి బ్రేకులు పట్టేసరికి ప్లాట్‌ఫామూ టీ కొట్టూ దాటిపోతుందంటారా, అది లోకో పైలట్ ఖర్మ.

4. లూప్ లైన్‌లోకి మళ్లే బండికీ ఆకుపచ్చే ఇవ్వండి. అసలు స్టేషన్‌లో ముందు పాయింట్లు తిరిగి లాక్ అవ్వాలి, పట్టా ఖాళీ అని ట్రాక్ సర్క్యూటో యాక్సిల్ కౌంటరో ఒప్పుకోవాలి, అప్పుడు గానీ హోమ్ మీద పసుపు, దాని నెత్తిన ఓ పక్కకు వాలిన ఐదు తెల్లదీపాల వరుస వెలగవు. ఇంత పంచాయితీ మనకెందుకు?

5. ఎవరినీ ఔటర్‌లో ఆపకండి. ప్లాట్‌ఫామ్ ఖాళీగా కనిపిస్తూనే ఉంటుంది, సిగ్నల్ పడదు. సామాన్లు దించుకుని తలుపు దగ్గర నిలబడ్డవాళ్లు తొంగిచూసి విసుక్కుంటుంటారు. బండిని స్టేషన్ నుంచి పంపే స్టార్టర్ సిగ్నల్ అవతల మరో 120 మీటర్లు ఖాళీగా ఉంటేనే హోమ్ ఇస్తారని వాళ్లకేం తెలుసు! మీ ఆటగాడికీ తెలియనివ్వకండి.

6. 'ఏ' పలక ముచ్చటగా ఉంటుంది, ప్రతి స్తంభానికీ తగిలించండి. ఆ పలకున్న ఆటోమేటిక్ సిగ్నల్ ఎర్రగా ఉంటే పగలు 1 నిమిషం, రాత్రి 2 నిమిషాలు ఆగి, ఆపైన నెమ్మదిగా, జాగ్రత్తగా దాటవచ్చు. రూల్సు చదివిన ఆటగాడెవరో మీ హోమ్ సిగ్నల్ దగ్గర నిమిషం లెక్కపెట్టుకుని, లోపల నిలబడ్డ ప్యాసింజర్‌ను వెనక నుంచి పలకరిస్తాడు.

7. మాడిన దీపాన్ని ఆకుపచ్చ కింద జమకట్టండి. వెలగని స్టాప్ సిగ్నల్‌ను ఎరుపుగా చూడటం, ఎర్రదీపం మాడితే దాని వెనక సిగ్నల్‌నూ ఎరుపులోనే ఉంచేయడం... అంతా రైల్వే చాదస్తం.

చివరగా అన్నిటికన్నా ముఖ్యమైనది: రూటులో ఎప్పుడూ ఒక్క బండే నడపండి. రెండో బండి వదిలారో, ఈ సలహాలన్నిటి రంగూ బయటపడుతుంది.