పాత చీర సంచి

మొన్న శుక్రవారం పొద్దున ముగ్గురు పిల్లలు ఒమన్‌లోని బురైమిలో మా దర్జీ దుకాణం ముందు కారు ఆపారు. ముగ్గురూ మనవాళ్లే, సొహార్‌లో ఉద్యోగాలు. గురువారం రాత్రి మహదా దాటి ఒక వాదీలో, అంటే ఎండిన వాగులో, గుడారం వేసుకుని పడుకున్నారట. కళ్లు ఎర్రబడి ఉన్నాయి. ఒకడు చాయ్ గ్లాసును రెండు చేతులా పట్టుకుని వదలడం లేదు. "కాకా, ముప్పై రియాళ్లు పెట్టి కొన్న స్లీపింగ్ బ్యాగు. సున్నా డిగ్రీలకు కూడా పనికొస్తదని రాసి ఉన్నది. పది డిగ్రీలకే పండ్లు కొట్టుకున్నయ్" అన్నాడు.

తెచ్చి బల్ల మీద పరవమన్నాను. బట్ట మంచిది, కుట్టు మంచిది. "దీంట్ల ఏమేసుకుని పన్నవ్‌రా?" అంటే జీన్స్ ప్యాంటు, మీద రెండు జాకెట్లు అన్నాడు. కింద పలచని ప్లాస్టిక్ పట్టా. "మరి లోపల లైనర్, పలచటి బట్ట సంచి?" అంటే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నాకు కోపం వచ్చింది. ఇంకా పోలేదు, అందుకే ఇది రాస్తున్నాను.

నేను బురైమికి 1984 డిసెంబరులో వచ్చాను. జగిత్యాల దగ్గరి పల్లె నుంచి బొంబాయి, అక్కడి నుంచి మస్కట్, ఆ తర్వాత సొహార్ మీదుగా వాదీ జిజ్జీ కొండల నడుమ పికప్ బండి వెనక కూర్చుని ప్రయాణం. గల్ఫ్ అంటే ఎండలే అని ఊళ్లో అందరూ చెప్పారు. చలి సంగతి తలచుకున్నది అవ్వ ఒక్కతే. తన పాత చీరలు నాలుగు పొరలు వేసి కుట్టిన బొంత నా పెట్టెలో పెట్టింది. విమానంలో 20 కిలోల లెక్క కదా, బరువవుతుందని నేనే కుట్లు విప్పి రెండు చీరలు ఇంట్లో వదిలేశాను. ఆ పని చేసినందుకు ఇప్పటికీ బాధే.

తొలి యజమాని ఇచ్చింది ఒక ఇనుప మంచం, ఒక పలచని రగ్గు. దుకాణం వెనక రేకుల గదిలో ఆరుగురం. జనవరి వచ్చేసరికి రగ్గును ఎన్ని మడతలు వేసినా తెల్లవారుజామున కాళ్లు కొయ్యబారేవి. ఒక రాత్రి లేచి, మిషను ముందు కూర్చుని, వెంట తెచ్చుకున్న రెండు చీరల్నీ పొడుగ్గా మడిచాను. అడుగు మూసి, పక్క కుట్టి, తలవైపు మూరెడు తెరిచి వదిలాను. రగ్గు పక్కలు కూడా కలిపి కుట్టి, చీర సంచిని అందులోకి దూర్చాను. ఆ రాత్రి పట్టిన నిద్ర నాకింకా గుర్తుంది. లైనర్ అనే మాట అప్పటికి నా చెవిన పడలేదు. తర్వాత వారంలో మిగతా ఐదుగురికీ కుట్టిచ్చాను, ఒకరికి లుంగీలతో, ఒకరికి పంచెతో, ఒకరికి చిరిగిన దిష్‌దాషా అంగీతో. ఎవరి దగ్గరా బైసా తీసుకోలేదు.

ఇక్కడి చలి మన ఊరి చలి కాదు. మన దగ్గర గాలిలో తేమ, చుట్టూ చెట్లు పగటి వేడిని కొంత పట్టి ఉంచుతాయి. ఇక్కడ గాలి పొడి, ఆకాశం నిర్మలం. పొద్దు గుంకగానే ఇసుకలో ఉన్న వేడంతా ఆకాశానికి పోతుంది. మధ్యాహ్నం చొక్కా విప్పాలనిపించిన చోటే రాత్రి రెండు రగ్గులు కావాలి. కొండల మీద చల్లబడిన గాలి బరువెక్కి వాదీలోకి జారుతుంది, ఊళ్లో కంటే అక్కడ చలి ఎక్కువ. ఇక జబల్ షమ్స్‌కు పోతామంటారా, అది మూడు వేల మీటర్ల ఎత్తు, ఒమన్‌లో అన్నిటికంటే పెద్ద కొండ. చలికాలంలో అక్కడ నీళ్లు గడ్డకడతాయి.

ఆ పిల్లలకు నేను చెప్పింది దర్జీ లెక్కే. బట్టలో వెచ్చదనం బట్టది కాదు, బట్టలో చిక్కుకుని కదలకుండా నిలబడ్డ గాలిది. బ్యాగులోని నూగు ఈకలు గానీ దూది గానీ ఉబ్బి ఉంటేనే ఆ గాలి నిలుస్తుంది. రెండు జాకెట్లు వేసుకుని ఇరుకుగా దూరితే ఆ ఉబ్బు అణిగిపోతుంది. మరీ లూజుగా ఉంటే కదిలినప్పుడల్లా మెడ దగ్గరి నుంచి వేడిగాలి బయటికి, చల్లగాలి లోపలికి. లైనర్ చేసే పని ఈ రెంటి మధ్యలో ఉంది. ఒంటికి దగ్గరగా పడి, మిగిలిన ఖాళీని పొరలుగా పంచుతుంది. పలచని నూలుదైనా పట్టుదైనా రెండు మూడు డిగ్రీల తేడా తెస్తుంది, మందపాటి ఫ్లీస్‌దైతే ఇంకా ఎక్కువ. పట్టు మడిస్తే గుప్పిట్లో పడుతుంది. నూలు మెత్తన, కానీ చెమట పీల్చుకుని తొందరగా ఆరదు, నడిచి వచ్చిన చెమట బట్టలతో అందులో దూరకూడదు. ఇంకో సంగతి ఎవరూ పట్టించుకోరు. ఒంటి జిడ్డు, చెమట లోపలి సంచికే అంటుతాయి కాబట్టి అసలు బ్యాగును మాటిమాటికీ ఉతకనక్కర్లేదు. ఉతికిన కొద్దీ ఈకల ఉబ్బు తగ్గుతుంది. కాస్త బట్టతో అయ్యే పని ఇది.

బ్యాగు మీద రాసిన అంకె సంగతీ వాళ్లకు తెలియదు. ఐఎస్‌ఓ 23537 అని ఒక ప్రమాణం ఉంది. దాని ప్రకారం చలికి కొలిచేవి కంఫర్ట్, లిమిట్, ఎక్స్‌ట్రీమ్. ఆడమనిషి కాళ్లు చాపుకుని హాయిగా నిద్రపోగలిగేది మొదటిది. మగవాడు ముడుచుకుని ఎలాగో రాత్రి గడపగలిగేది రెండోది. మూడోది ప్రాణం నిలుపుకునే సంగతి, నిద్ర మాటే లేదు. పైగా ఆ కొలత తీసేటప్పుడు బొమ్మకు లోపలి బట్టలు తొడిగి, కింద పరుపు వేస్తారు. మన పిల్లవాడి బ్యాగు మీద పెద్ద అక్షరాల్లో ఉన్న సున్నా రెండోది. హాయి కావాలంటే ఐదు డిగ్రీలని పక్కనే చిన్న అక్షరాల్లో ఉంది. అదీ కింద మంచి పరుపు ఉంటేనే. వీళ్లు పడుకున్నది ప్లాస్టిక్ పట్టా మీద. ఒంటి బరువుకు వీపు కింది ఈకలు అణిగి, నేల వేడి లాగేసుకుంది. మా రోజుల్లో గుడారం లేకపోయినా కింద ఖర్జూరపాకు చాప, దాని మీద అట్టపెట్టెలు విప్పి పరిచేవాళ్లం. పైన ఏముందో తర్వాత, ముందు కింద ఏముందో చూసుకునేవాళ్లం.

ఈ లోపలి పొర తెలివి ఇక్కడివాళ్లకూ ఉంది, మన వాళ్లకూ ఉంది. ఎడారిలోని బదూ ముసలివాళ్లు తొడిగే ఫర్వా చూడండి, పైన గట్టి బట్ట, లోపల గొర్రె ఉన్ని. మా ఊళ్లో కురుమల గొంగడీ అంతే. దక్కనీ గొర్రె ఉన్ని నేసి, చింతగింజల గంజి పట్టిస్తే వాన జారిపోయేది, చలి ఆగేది. మా బాపు వానాకాలం గొంగడిని కొప్పెరగా వేసుకునేది, చలికాలం అవ్వ చీర ఒంటికి చుట్టుకుని దాని మీద గొంగడి కప్పుకునేది. ఉన్ని గీరుకోకుండా లోపల మెత్తటి చీర. ఇప్పుడు ఊరికి పోతే గొంగడి నేసే ఇల్లు కనబడదు. 2017లో సర్కారు మొదలుపెట్టిన గొర్రెల పంపిణీతో వచ్చినవి ఎక్కువ నెల్లూరు జాతివి, వాటికి ఉన్ని ఉండదు. గొర్రెలున్న ఊళ్లో గొంగడి దొరకకపోవడం నాకు పెద్ద దుఃఖం.

మరొకటి చెప్పకుండా ఉండలేను. చలి ఆగలేక గుడారంలోకి బొగ్గుల కుంపటి తెచ్చుకునే పిల్లలున్నారు. ఈ ముగ్గురూ ఆ ఆలోచన చేశారట. మూసిన గుడారంలో బొగ్గు కాలితే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. మేమూ కుంపటి పెట్టుకున్నాం, బయట, అందరం చుట్టూ కూర్చుని. పడుకునే ముందు ఇసుక పోసి ఆర్పేవాళ్లం, దానికి ఒకడిని పెట్టేవాళ్లం.

అప్పట్లో మంచి రగ్గు కావాలంటే సాయంత్రం నడుచుకుంటూ పక్కనే ఎమిరేట్స్‌లో ఉన్న అల్ ఐన్ పోయి వచ్చేవాళ్లం. రెండు దేశాలన్న సంగతే గుర్తుండేది కాదు. 2006 తర్వాత ఆ దారి పోయింది, ఇప్పుడు పాస్‌పోర్టు, ముద్ర. సెలవుకు ఇంటికి పోయేటప్పుడు కొరియా రగ్గు ఒకటి భుజాన వేసుకుని పోవడం మాకు పండగ. అవ్వకు తీసుకుపోయిన ఎర్రపూల రగ్గును ఆమె ఒట్టిగా ఎప్పుడూ కప్పుకోలేదు. లోపల తన చీరే.

నా సంచి 1991 దాకా పనికొచ్చింది. చీర మధ్యలో చిల్లులు పడ్డాయి గానీ అంచులు చెక్కుచెదరలేదు. ఆ అంచులు కత్తిరించి దాచాను.

ఆ శుక్రవారం చివరికి ఆ పిల్లవాడి ఎత్తు అడిగాను, ఐదడుగుల పదకొండు. భుజాల దగ్గర టేపు పెట్టి, పక్కకు తిరిగి పడుకునే అలవాటుందా అని అడిగి, నాలుగు అంగుళాల లూజు కలిపి రాసుకున్నాను. కొత్త బట్ట కొంటానన్నాడు. "వద్దు బిడ్డా, మీ అమ్మ పాత చీర ఉంటే తెప్పించుకో" అన్నాను. అక్కడే నిలబడి ఇంటికి ఫోన్ చేశాడు.