ఇరవై మూడు కిలోల గీత

నేను కొక్కెం కాటాను. పైన ఒక రింగు, కింద ఒక కొక్కెం, మధ్యలో పలక మీద సున్నా నుంచి యాభై దాకా గీతలు. ప్రత్తిపాడు నల్లరేగడిలో పత్తితీతలప్పుడే నాకు పని. పొద్దువాలాక చేను గట్టున ఇద్దరు మనుషులు భుజాల మీద గడకర్ర ఆనించుకునేవారు, దానికి నన్ను తగిలించేవారు. తీసిన పత్తికి కిలో లెక్కన కూలి. అందుకని ముల్లు ఊగుతుండగా అంకె చెబితే మా ఇంటావిడ ఒప్పుకునేది కాదు. "నిలవనీయండి, కూలోళ్ళ కష్టం అది" అనేది. ఆమె చేతిలో నేనెప్పుడూ అబద్ధం చెప్పలేదు.

వాళ్ళమ్మాయి డాలస్‌లో ఉంటుంది. కాన్పు జూన్‌లో అని కబురొచ్చేసరికే వీళ్ళ దగ్గర అమెరికా వీసాలున్నాయి. "అవసరం పడ్డాక పరిగెత్తితే అపాయింట్‌మెంట్ దొరకదు వదినా, పదేళ్ళ వీసా వస్తే ఇంట్లో పడుంటుంది" అని పక్కింటి మాస్టారు అంతకుముందు ఏడాదే వెంటపడి అప్లై చేయించారు. నా లెక్కన ఆ ప్రయాణంలో సగం బరువు ఆరోజే దిగిపోయింది.

మిగతా సగంలో పెద్ద వాటా పేర్లది, అదీ వీసాకు ముందే తెమిలింది. ఇంటావిడకు ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరం, పొలం పాస్‌బుక్కులో ఇంకోలా. మాస్టారు వసారాలో కూర్చుని కాగితాలన్నీ పరిచి, ముందు ఆధార్ సరిచేయించారు. ఆ తర్వాతే పాస్‌పోర్టు, దాన్ని చూసి వీసాకు డీఎస్-160 ఫారం, అన్నిటికన్నా చివర టికెట్టు. పాస్‌పోర్టులో ఏ అక్షరం ఎక్కడుందో టికెట్టులోనూ అక్కడే ఉండాలని ఆయన పట్టు. మన ఇళ్ళలో ఇంటిపేరు ముందు రాసుకుంటాం, పాస్‌పోర్టు, వీసా ఫారాల్లో అది విడిగా ఇంకో గడిలో పడుతుంది. ఈ ఒక్క తేడాకే ఎంతోమంది విమానాశ్రయాల్లో బిక్కచచ్చిపోతుంటారు.

వీసాకు వేలిముద్రలు హైదరాబాద్‌ హైటెక్ సిటీ మెట్రో స్టేషన్‌లోని వీసా కేంద్రంలో, ఇంటర్వ్యూ నానక్‌రామ్‌గూడ అమెరికా కాన్సులేట్‌లో. ఏళ్ళ తరబడి మిరపకాయల తొడిమలు తీసిన వేళ్ళు ఆమెవి, గీతలు అరిగిపోయి ఉన్నాయి. నాలుగు రోజుల ముందునుంచీ రాత్రిపూట కొబ్బరినూనె రాసుకుని పడుకుంది. ఇంటర్వ్యూ తెలుగులో కావాలంటే తెలుగులోనే చేస్తారని తెలిశాక ఆమె ముఖం తేటపడింది.

మిరపకాయలు గుంటూరు మిర్చి యార్డుకు తోలడం అయిపోయాక, మే నెలలో నన్ను వసారా దూలానికి కట్టారు. మా ఇంటాయన ముందు ఖాళీ పెట్టెను తగిలించాడు. ముల్లు ఐదు దాటింది. "అదేందే, ఏమీ పెట్టకుండానే ఐదు కిలోలా?" అన్నాడు. యార్డులో మిర్చి టిక్కీ తూస్తే గోతం బరువు తీసేసి లెక్క కడతారు. విమానం లెక్కలో పెట్టె కూడా సరుకే. అమెరికా వెళ్ళే చాలా విమానాల్లో మనిషికి రెండు పెట్టెలు, ఒక్కోటి 23 కిలోలు, అంటే వాళ్ళ లెక్కలో 50 పౌండ్లు. మాస్టారు టికెట్టు తెప్పించి, దాని మీద అంతే ఉందని చూపించారు. ఆ పాత పెట్టెను అటక మీదికి ఎక్కించి తేలికవి కొన్నారు. కిలోన్నర కలిసొచ్చింది, అంటే ఒక డబ్బా ఆవకాయ.

ఆ వారం నాకు తీరిక లేదు. కారం, గోంగూర పచ్చడి, అరిసెలు, బాలింతకు పెట్టే కారప్పొడి అన్నీ విడివిడిగా నా కొక్కేనికి ఎక్కి దిగాయి. పచ్చళ్ళ డబ్బాలకు మూత కింద ప్లాస్టిక్ కాగితం బిగించి, రెండేసి కవర్లలో పెట్టి, చీరల మధ్య సర్దింది. ఆయన బట్టలు సగం ఆమె పెట్టెలో, ఆమెవి సగం ఆయన పెట్టెలో. ఒక పెట్టె దారిలో ఆగిపోయినా ఇద్దరికీ మార్చుకోను బట్టలుంటాయి. ఈ ఉపాయం అమ్మాయిది.

పేచీ వచ్చింది కరివేపాకు దగ్గర. పెరట్లో చెట్టు, అమ్మాయికి ప్రాణం. పచ్చి ఆకు అమెరికాలోకి రానివ్వరని మాస్టారంటే ఆమె ఒప్పుకోలేదు, "గుప్పెడు ఆకుకేనా?" అంది. మాస్టారు ఓపిగ్గా చెప్పారు. ఆ ఆకు మీద బతికే చిన్న పురుగు నిమ్మజాతి చెట్లకు తెగులు మోస్తుంది, ఫ్లోరిడాలో నారింజ తోటలు ఆ తెగులుకే దెబ్బతిన్నాయి. మా ఇంటాయన వెంటనే, "2021లో మన మిరపపూత తినేసిన నల్ల తామరపురుగు కూడా పరాయి దేశపుదే" అన్నాడు. ఆమె మారుమాట లేకుండా రెబ్బలు తీసి పళ్ళెంలో పెట్టింది. ఆ ఏడు చేలో నిలబడి ఏడ్చిన మనిషికి అంతకుమించి చెప్పాల్సిన పని లేదు. తీసుకెళ్ళే తినుబండారాలన్నీ అక్కడి కస్టమ్స్‌కు దాచకుండా చెప్పాలనీ, చెబితే మహా అయితే తీసి పారేస్తారనీ, దాస్తే జరిమానా పడుతుందనీ మాస్టారు అన్నారు. ఆయన చెబుతుంటే ఆమె సామాన్ల జాబితా తనే తెలుగులో రాసుకుంది, అమ్మాయి దాన్ని ఇంగ్లీషులోకి మార్చి పంపింది.

బీపీ, షుగరు మాత్రలు షీట్లతో సహా, డాక్టరు చీటీతో చేతిసంచిలోకి వెళ్ళాయి. పవర్ బ్యాంకు కూడా అందులోనే, పెద్దపెట్టెలో పెట్టనివ్వరు. బయటి దేశాల నుంచి వచ్చేవాళ్ళకు అక్కడి మెడికేర్ వర్తించదు కాబట్టి ప్రయాణపు ఇన్సూరెన్సు తీసుకున్నారు, ముందునుంచి ఉన్న జబ్బులకు ఎంతవరకు ఇస్తారో చదివించుకుని మరీ. వీల్‌చెయిర్ మాటకు మాత్రం ఆమె నొచ్చుకుంది. "చేలో రోజంతా వంగి పనిచేసినదాన్ని, నన్ను తోసుకెళ్ళడమేంటండీ?" అంది. నడవలేక కాదని, దుబాయ్‌లో విమానం మారేచోట దారి చూపే మనిషి దొరుకుతాడని మాస్టారు నచ్చజెప్పారు. రెండు రోజుల ముందే విమానం వాళ్ళకు చెప్పి పెట్టారు.

ఆఖరి తూకం రాత్రి భోజనాలయ్యాక. నాలుగు పెట్టెలూ ఒక్కొక్కటిగా ఎక్కాయి. మూడు పెట్టెలు ఇరవై మూడు గీతకు కిందే ఆగాయి. నాలుగోది అరకిలో దాటింది. ఆయన "పర్లేదులే" అన్నాడు. ఆమె, "ముల్లు నిలిచిందిగా, దాటింది" అని పెట్టె తెరిచి, తన పట్టుచీర ఒకటి తీసి బీరువాలో పెట్టేసింది. పచ్చడి మాత్రం ముట్టుకోలేదు.

శంషాబాద్ కౌంటర్లో ఒక్క పెట్టె కూడా విప్పక్కర్లేకపోయిందని మర్నాడు మాస్టారికి ఫోనొచ్చింది. రేపు నన్ను అవతలి వీధికి తీసుకెళ్తున్నారు. ఆ వీధిలో ఒకరి అబ్బాయికి ఆగస్టులో చదువు మొదలట. అతని పాస్‌పోర్టులో ఇంటిపేరు చివర, సర్టిఫికెట్లలో ముందు ఉందట. పెట్టె సంగతి తర్వాత, ముందు ఆ కాగితాలు పట్టుకురమ్మని మాస్టారు చెప్పి పంపారు.