బొమ్మపండ్ల టీక

మూలం: “గీ బొమ్మపండ్లు గోడకేస్తే కడుపు నిండుతదా? బాలానగర్ పండ్లొచ్చినయ్, పోయి గంపెడు పట్కరాండ్రి!”

అవతారిక: జపాను నుంచి వచ్చిన పార్శిలు విప్పుతుండగా పాలమూరులో మా ఇల్లాలు సెలవిచ్చిన వాక్యమిది. శరదృతువు, సాయంకాలం, వంటింటి గడప.

టీక: గీ = వేలు చూపి చెప్పదగినవి; చులకన ధ్వని. బొమ్మపండ్లు = జపాను చిత్రకారుడు హాకు మాకి (1924–2000) అచ్చొత్తిన కాకి పండ్లు. వాయసశంక కూడదు, జపానులో పెర్సిమన్ పేరది. జపాను చెక్క అచ్చుబొమ్మల్లో పూర్వం గీసేవాడొకడు, చెక్కేవాడొకడు, అచ్చేసేవాడొకడు, డబ్బు పెట్టేవాడింకొకడు. 1904లో యమమోతో కనాయె ‘జాలరి’ బొమ్మను తానే గీసి, తానే చెక్కి, తానే అచ్చేశాడు. మాకి ఆ దారివాడే. చెక్క మీద సిమెంటు పూసి, మలిచి, కాగితం నొక్కితే పండు వేలికి తగిలేట్టు ఉబ్బుతుంది. అంచున పెన్సిలుతో సంతకం, ఎన్నింటిలో ఎన్నోదో లెక్క.

గోడకేస్తే = ఇక్కడ మూలం దోషయుక్తం. పాలమూరు ఎండకు రంగు వెలుస్తుందని నేను గోడకు వేయనే లేదు. అన్నీ బీరువాలోనే ఉన్నాయి. ఈ సమాధానం ఆమె ముందు చెప్పరాదని సంప్రదాయం.

నిండుతదా = కాకువు. నిండదని భావం. కావ్యాలకు టీకలు రాసిన కొల్చారం మల్లినాథసూరి ఉంటే అలంకారం కూడా తేల్చేవాడు.

బాలానగర్ పండ్లు = ఆ ఊరి పేరు మోసే సీతాఫలాలు. కన్నులు విచ్చుకొని, నడుమ సందులు లేత పసుపుకు తిరిగితే కాయ కోతకొచ్చినట్టు. గడ్డిలో మగ్గేస్తే రెండు మూడు రోజుల్లో మెత్తబడుతుంది. ఆపైన నిలవదు, అందుకే ఆమె తొందర.

పూర్వపక్షం: కొల్లాపూర్ మామిడి, నల్లగొండ బత్తాయి ఉండగా పరదేశి పండేల? సమాధానం: సీతాఫలం పుట్టిల్లు మాత్రం అమెరికా ఖండం కాదా! పైగా కాకీ, సీతాఫలమూ ఒకే రుతువు పండ్లు.

తాత్పర్యం: బొమ్మలు వద్దని ఆమె అనలేదు, ముందు గంప తెమ్మన్నది. తెచ్చాను. ఒక్కో కన్నూ ఒలుస్తుంటే తోచింది: నా బీరువాలో సీతాఫలం బొమ్మ ఒక్కటీ లేదు. పెడనలో కలంకారీకి టేకు అచ్చులు చెక్కే చేతులున్నాయి. వారిలో ఎవరైనా ఈ కన్నులన్నీ ఓపికగా చెక్కి కాగితం మీద అచ్చేస్తే మొదటి ప్రతి నాకే ఇప్పించగలరు. దాన్ని మాత్రం గోడకే వేస్తాను.