బందు ఊడితే తలుపు మారుస్తారా?

సలాలా వానల కాలం ఖరీఫ్ దగ్గరపడిందంటే మస్కట్‌లోని మా వాదీ కబీర్ వర్క్‌షాపుల ముందు కారవాన్ బండ్లు వరస కడతాయి. జూన్ చివరి నుంచి సెప్టెంబరు దాకా ఒమన్ దక్షిణాన ఉన్న ఆ సలాలాలో తుంపర, పచ్చదనం. మస్కట్ ఎండలో మాడేవాళ్లకి అంతకన్నా ఏం కావాలి! వెయ్యి కిలోమీటర్ల దారి. ఏడాదంతా షెడ్డులో పడున్న బండిని అప్పుడు బయటికి లాగి, ‘లోపల కాస్త చూడు’ అంటారు అర్బాబులు, అంటే బండి యజమానులు. ఆ చూడ్డం దగ్గరే నా గొడవంతా.

మా రోజుల్లో చూడ్డమంటే తట్టి, నొక్కి, వాసన పట్టి చూడ్డం. అల్మరా తలుపు వేలాడుతోందనుకోండి. బరువు పెరక్కుండా ఈ బండ్లలో సన్న ప్లైవుడ్ వాడతారు, మనింటి టేకు తలుపు కాదది. కుదుపులకి స్క్రూ బెజ్జం వదులైపోతుంది. రెండు అగ్గిపుల్లల తలలు విరిచేసి, ఫెవికాల్ పూసి ఆ బెజ్జంలో దోపి, పైకి మిగిలింది ఉలితో కోసేసి రాత్రంతా ఆరనిస్తే చాలు. పొద్దున్నే అదే స్క్రూ మళ్లీ బిగించొచ్చు.

ఇప్పటి కుర్రాడు ముందు ఫొటో తీస్తాడు. ‘బాబాయ్, ఈ మోడల్ ఇప్పుడు రావట్లేదంట, సెట్టు మొత్తం మార్చాలంట’ అంటాడు. బందు ఊడితే తలుపు, తలుపు దొరక్కపోతే అల్మరా, దాని రంగు కలవలేదని ఎదురు అల్మరా! వాణ్ని మాత్రం ఏమంటాం? అగ్గిపుల్లలకి బిల్లెంత వెయ్యగలం? కొత్త సెట్టయితే ముదీర్‌కి, అంటే మా మేనేజరుకి, నాలుగు రాళ్లు మిగులుతాయి.

పోనీ కొత్తది బాగుంటుందా అంటే, ఇంటి వంటగదికి చేసిన మెత్తగా మూసుకునే సొరుగులు తెచ్చి బండిలో పెడుతున్నారు. రౌండబౌట్ తిరగ్గానే సొరుగులన్నీ బయటికొచ్చి చెంచాలు నేలమీద దొర్లుతున్నాయి. పాత జర్మన్ బండ్లలో బొత్తాం నొక్కితే తప్ప సొరుగు బయటికి రాదు. కదిలే ఇంటికి గడియ ఉండాలని వాళ్లకి తెలుసు. దాన్ని పీకేసి ‘మోడ్రన్ లుక్’ అంటే నేనేం చెప్పను.

అన్నిటికన్నా ఒళ్లు మండేది స్టిక్కర్ పని. మస్కట్‌లో వాన ఎప్పుడో గాని పడదు. ఎండకి బండి కప్పు మీద, కిటికీల చుట్టూ ఉన్న సీలింగు మందు ఎండి బీటలిస్తుంది. ఇక్కడున్నన్నాళ్లూ ఆ సంగతి ఎవరికీ పట్టదు. సలాలా వెళ్లి నాలుగు రోజులు తుంపరలో నిలబెడితే నీళ్లు గోడలోకి దిగుతాయి. ప్లైవుడ్ పొరలు విడిపోతాయి, మూలల్లో ముక్కవాసన. వేలితో నొక్కితే నానిన అట్టలా లోపలికి పోతుంది. మేమైతే ముందు కప్పెక్కి బీట ఎక్కడుందో వెతికి, పాత మందు గీకి, కొత్తది పట్టించి, ఆ తర్వాతే పుచ్చిన చెక్క కోసేవాళ్లం. ఇప్పుడేమో పుచ్చు మీదే పాలరాయి బొమ్మున్న స్టిక్కరు అంటించి, ‘చూడండి అర్బాబ్, కొత్త బండి!’ మరుసటి ఏడాది అదే గోడ, ఇంకో స్టిక్కరు.

కుళాయి సంగతీ అంతే. నీళ్లు రాకపోతే పంపు పోయిందంటారు. చాలా పాత బండ్లలో కుళాయి తిప్పగానే దాని లోపలున్న చిన్న స్విచ్ టిక్కుమంటుంది, అప్పుడే పంపుకి కరెంటు అందుతుంది. చెవి ఆనించి వింటే పోయింది పంపా, స్విచ్చా తెలిసిపోతుంది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నవాడికి టిక్కు ఏం వినపడుతుంది?

వైరింగు మాత్రం నవ్వులాట కాదు. ఇంట్లో 240 వోల్టుల మీద 60 వాట్ల బల్బు లాగేది పావు ఆంపియరు. బండిలో 12 వోల్టుల మీద అదే 60 వాట్లకి 5 ఆంపియర్లు పోవాలి. ఇంటి లైటుకి చాలిన సన్న వైరు అక్కడ వేస్తే వేడెక్కి కాలుతుంది. ఇప్పుడంటే ఎల్‌ఈడీలొచ్చి ఆ బాధ తగ్గింది. అది మంచిదే, ఒప్పుకుంటాను. ఎల్‌ఈడీల వరకే.

ఇక ఫ్రిజ్. పాత బండ్లలో గ్యాసు మంట మీదైనా నడిచే ఫ్రిజ్ ఉంటుంది. 1922లో స్వీడన్‌లో ప్లాటెన్, ముంటర్స్ అనే ఇద్దరు విద్యార్థులు కనిపెట్టిన పద్ధతి అది. మోటారుండదు, చప్పుడుండదు. వేడి తగిలి అమోనియా గొట్టాల్లో తిరుగుతుంటే లోపల చల్లబడుతుంది. బండి ఒకవైపు ఒరిగి నిలబడినా ఫ్రిజ్ నడుస్తూనే ఉంటే ఆ గొట్టాల్లో అడ్డం పడుతుంది. అమోనియా ఘాటు బయటికొస్తే మాత్రం దాని పని అయిపోయినట్టే, ముట్టుకోకూడదు. ఘాటు లేకపోతే పాతకాలపు మందొకటుంది: గ్యాసు పైపు విప్పి, ఫ్రిజ్ బయటికి తీసి, ఒక రోజు తలకిందులుగా పెట్టడం. అడ్డం కదిలితే మళ్లీ నడుస్తుంది. ప్రతిసారీ కాదు, కొన్నిసార్లే.

మొన్నొక పాత హైమర్ బండి ఫ్రిజ్‌కి ఆ మందే వేశాను. మర్నాడు నిలబెట్టి, కాసేపాగి వెలిగిస్తే సాయంత్రానికి నీళ్ల సీసా చల్లబడింది. మా కుర్రాడు వీడియో తీసి ‘బాబాయ్ మ్యాజిక్’ అని పెట్టాడట, లైకులు బానే వచ్చాయంటున్నాడు. ఆ ఫ్రిజ్ ఎత్తేటప్పుడు మాత్రం ఒక్క చెయ్యి వెయ్యలేదు.