అనాహతనాదోపాసకుడు

యోగులు ఏకాంతమున వినుదురని చెప్పెడి అనాహతనాదమును బాచుపల్లిలోని మా అపార్టుమెంటు సెల్లారులో, మోటారు హోరునడుమ, ప్రతిదినము విన యత్నించు మహానుభావుడొకడు కలడు. ఒక కర్మాగారమున మీటర్లు సరిచూచు కొలువు విరమించి పదేండ్లయినను, సరిచూచుట మాత్రము ఆయన విరమింపలేదు.

మంజీరా నీళ్లు వచ్చు నాలుగంగుళాల గొట్టమునకు అల్ట్రాసోనిక్ మీటరు తగిలించిన నాటనుండి ప్రెసిడెంటుగారి మాటకంటె ఆయన మాటకే చెల్లుబడి హెచ్చినది. గొట్టమును కోయక, పైననే రెండు సెన్సార్లు బిగించి, చెవికందని శబ్దమును ప్రవాహమువెంట నొకమారు, ఎదురుగా నొకమారు పంపి, వెంటపోయినది ముందుగాను ఎదురేగినది వెనుకగాను చేరుటలోని భేదమునుబట్టి నీటివేగమును గణించు యంత్రమది. నీటిలో శబ్దము సెకనునకు సుమారు 1,480 మీటర్లు పరుగెత్తును; నీరు సెకనుకొక మీటరు సాగునపుడు మా గొట్టములో ఆ భేదము ఇంచుమించు సెకనులో కోటవ వంతు. "కోటవ వంతండీ!" అని ఆయన చూపుడువేలెత్తగా, మెయింటెనెన్సు ఎగవేయు మూడవ అంతస్తు పెద్దమనిషి సైతము చేతులు జోడించును.

ఈ వేసవిలో సంపులోనికి చుక్క రాని రాత్రివేళ మీటరులో అంకెలు ఎగబ్రాకుటయు, నీళ్లు వచ్చువేళ అవి నిలిచిపోవుటయు మొదలాయెను. అది మాకు కష్టము, ఆయనకు కల్యాణము. సెన్సారుకింద పూసిన జెల్ ఎండి గాలి చొరబడినదని ఒకనాడు ఇల్లాలి పెట్రోలియం జెల్లీ డబ్బాను ఖాళీచేసి, రంగును తుప్పును అడ్డమని మరునాడు గరుకుకాగితముతో గొట్టమును తళతళలాడునట్లు తోమి, గొట్టము మందము మీటరులో తప్పుగా నమోదైనదని అటుపిమ్మట పాతబిల్లులన్నియు తిరగవేసి, వంపు దాటిన తరువాత పదివ్యాసముల తిన్నని గొట్టముండవలెనని టేపుతో నేలపై ప్రాకుచు, ఆయన పదునొకండు దినములు పరమానందమున గడపెను. సెన్సార్లను గొట్టము నెత్తిన పెట్టరాదనుటకు ఆయన చూపిన ప్రమాణము శాస్త్రగ్రంథములలో దొరకదు: "నెత్తిన గాలి చేరుతుంది, అడుగున మడ్డి చేరుతుంది. బ్రహ్మదేవుడు మనకు చెవులెక్కడ పెట్టాడు? పక్కలనేగా!"

పండ్రెండవనాడు, అంతవరకు టార్చి పట్టుకొని నిలిచిన ప్లంబరు మెల్లగా నోరువిప్పెను.

"సార్, ఈ గొట్టం సంపులకు దిగుతది గద, సగమే నిండుతది. గేటుకాడ పైకెక్కే గొట్టానికి పెడితే అయిపాయె."

నిండని గొట్టమున శబ్దము దారితప్పునని మాకు ఇరువదిమార్లు బోధించినవాడాయనే! బోధించుటలో మునిగినవానికి చూచుటకు తీరికెక్కడిది? మారుమాటాడక సెన్సార్లను గేటువద్దకు మార్పించెను. నీళ్లు వచ్చినపుడు సంపులో కర్రదించి కొలిచిన లెక్కయు మీటరు లెక్కయు దాదాపుగా కలిసినవి. అందరమును చప్పట్లు కొట్టితిమి. ఆయన మాత్రము పెండ్లివారు తరలిపోయిన పందిరివలె నిలిచిపోయెను.

మూడుదినములు వాకింగునకు రాలేదు. నాలుగవనాటి సాయంకాలము ప్రక్క అపార్టుమెంటు గేటువద్ద, జేబులో క్రొత్త జెల్లీ డబ్బాతో, సంబంధము విచారింపవచ్చినవానివలె వాచ్‌మనుతో మాటలాడుచు కనబడెను.

"మీ నీళ్ల మీటరు కులాసాయేనా?"

"మాకు మీటరే లేదు సార్."

ఆయన కన్నులు మెరసినవి. కండువా సవరించుకొని, ప్రెసిడెంటుగారి ఫ్లాటు నెంబరెంతయని అడిగెను.