ఉద్ది లేని ఆట

మొన్న క్రిస్మస్‌కు ఎల్బీనగర్‌లో ఒక ఫంక్షన్ హాల్లో పిల్లల ప్రోగ్రాం పెట్టారు. మా మనవరాలు అబ్రాహాము నిబంధన డ్యాన్సులో ఉందంటే గంట ముందే వెళ్లి ముందు వరసలో కూర్చున్నాను. నాలుగు నిమిషాల పాట, పెన్‌డ్రైవ్‌లోంచి వచ్చింది. వెనక ఎల్‌ఈడీ తెర మీద నక్షత్రాలు మెరుస్తున్నాయి. పదహారు మంది పిల్లలు, ఒకే రంగు గౌన్లు, అందరూ ఒకే వైపు తిరిగి ఆడుతున్నారు. ఆ వైపున ఉన్నవి తల్లిదండ్రులు ఎత్తి పట్టుకున్న ఫోన్లు. పిల్లల్ని తప్పు పట్టడానికి లేదు, ఒక్క స్టెప్పు తప్పలేదు. కానీ అబ్రాహాము ఎక్కడున్నాడో, దేవుడు ఎవరితో మాట ఇచ్చి పుచ్చుకున్నాడో చివరిదాకా నాకు కనబడలేదు.

తిరిగొచ్చేటప్పుడు మెట్రోలో అడిగాను. బండి విక్టోరియా మెమోరియల్ దాటింది.

"నీ ఉద్ది ఎవరే అమ్మా?"

"ఉద్ది అంటే ఏంటి తాతయ్యా?"

చైతన్యపురి వచ్చేదాకా నాకు మాట పెగల్లేదు.

కోలాటం ఆడిన ప్రతివాడికీ ఉద్ది ఉంటాడు. ఎదురుగా నిలబడేవాడు, నీ కోలకు తన కోల అందించేవాడు. నువ్వు ఎంత బాగా ఆడినా వాడు కర్ర ఎత్తకపోతే నీ దెబ్బ గాలికి పోతుంది. వాడు ఎత్తి నువ్వు మరిస్తే వాడి వేళ్లు పగులుతాయి. నిబంధన, అంటే ఒడంబడిక, ఆ మాటకు అర్థం నేను ఏ ప్రసంగంలోనూ వినలేదు, మా కళ్లంలో నా ఉద్ది కోల మీద విన్నాను.

మాది డోర్నకల్ దగ్గర పల్లె. 1960ల మొదట్లో మాట. వరి కోతలై ధాన్యం ఇళ్లకు చేరాక కళ్లం ఖాళీ అయ్యేది, అక్కడ సాధన మొదలయ్యేది. మిషన్ బడిలో పాఠాలు చెప్పేదీ, ఆదివారం వాక్యం చెప్పేదీ, రాత్రిపూట కోలాటం నేర్పేదీ ఒక్కరే, పంతులయ్య. చేతిలో తాళాలు, నోట్లో ఈల. ఈల వేస్తే కోపు, అంటే అడుగుల తీరు, మారాలి. లోపలి వలయంలో ఆరుగురు, బయటి వలయంలో ఆరుగురు. పన్నెండుకు ఒకడు ఎక్కువైనా ఒప్పుకునేవాడు కాదు. సీనాయి కొండ కింద మోషే బలిపీఠం కట్టి, పన్నెండు గోత్రాలకు పన్నెండు స్తంభాలు నిలబెట్టాడు గదా, ఆ లెక్క. "నువ్వు యూదా, నువ్వు లేవి, నువ్వు దాను" అని భుజం తట్టి నిలబెట్టేవాడు. నేను నఫ్తాలి. ఈ డెబ్బై నాలుగో ఏట కూడా పన్నెండు పేర్లూ వలయం తిరిగిన వరసలోనే నోటికొస్తాయి. మా మనవరాలి ఆదివారపు బడిలో అడిగి చూడండి, నాలుగు దాటవు.

ఆ ఆటలో అబ్రాహాము కథ ఎట్లా వచ్చేదో చెప్పాలి, చూసినవాళ్లం ఇక కొద్దిమందిమే మిగిలాం. ఆదికాండం పదిహేనో అధ్యాయం. మూడేళ్ల పెయ్యను, మేకను, పొట్టేలును తెమ్మన్నాడు దేవుడు. అబ్రాహాము వాటిని రెండుగా ఖండించి, ఆ ఖండం ఎదురుగా ఈ ఖండం పెట్టాడు. పూర్వం ఒడంబడిక అట్లా చేసుకునేవాళ్లు. ముక్కల మధ్య నడిచినవాడు, మాట తప్పితే నాకూ ఇదే గతి అని ఒప్పుకున్నట్టు. యిర్మీయా ముప్పై నాలుగో అధ్యాయంలోనూ ఈ సంగతి ఉంది. మేమేం చేసేవాళ్లం? పంతులయ్య పొడుగ్గా ఒక ఈల వేసేవాడు. వలయం విడిపోయి రెండు వరసలయ్యేది. ఎవడి ఉద్ది వాడికి ఎదురుగా, మధ్యలో మూరెడు సందు. ఆ ఖండాలం మేమే. చిన్నపిల్లలు గద్దల్లాగా తువ్వాళ్లు ఊపుకుంటూ వచ్చి పడేవాళ్లు, అబ్రాహాము కర్ర పట్టుకుని వాళ్లను తోలేవాడు. ఊళ్లో ఆడవాళ్లందరూ దీనికే ఎదురు చూసేవాళ్లు. తర్వాత తాళం నెమ్మదించేది. అబ్రాహాము చివరన కూలబడి నిద్రపోయేవాడు. పెట్రోమాక్స్ లైటు మీద గోనెపట్టా కప్పేవాళ్లు. కళ్లమంతా చీకటి. ఆ చీకట్లో పన్నెండేళ్లు నిండని ఒక పిల్లవాడు లాంతరు పట్టుకుని ఒక్కడే మా రెండు వరసల మధ్య నుంచి నడిచి వచ్చేవాడు. అడుగు పడ్డ చోటల్లా రెండు పక్కల కోలలు ఒక్కసారి తగిలేవి, టక్. మళ్లీ అడుగు, టక్. ఆ సందులో అబ్రాహాము నడవడు, నిద్రలో ఉన్నాడు. వెలుగు ఒక్కటే నడిచింది. అంటే మాట తప్పితే శిక్ష నాకే అని దేవుడు ఒక్కడే ఒప్పుకున్నాడు. ఎవరూ ఒక్క ముక్క వివరించేవాళ్లు కాదు. మా అమ్మ చదువుకోలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేది.

నోవహు కథకు జడ కోలాటం. దూలానికి ఏడు రంగుల పాత చీరల పేలికలు కట్టి, ఒక్కొక్కరి చేతికి ఒక కొస. జల ప్రళయం వచ్చినంతసేపూ తిరుగుతూ జడ అల్లేవాళ్లం. నీళ్లు తీశాక వెనక్కి తిరిగి జడ విప్పితే రంగులు విచ్చుకుని ఇంద్రధనుస్సు అయ్యేది. అల్లిన వరసకు సరిగ్గా తిరగేసి విప్పాలి, ఒక్కడు అడుగు తప్పాడా చిక్కు పడి పోతుంది.

ఇదంతా ఎవరో పల్లెటూరి పంతులు తనకు తోచి చేసిన పని అనుకోవద్దు. డోర్నకల్ మొదటి బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు తిరునల్వేలి వైపు తమిళుడు. 1909లో డోర్నకల్ వచ్చి, తెలుగు నేర్చుకుని, 1912లో ఆంగ్లికన్ సంఘానికి మొదటి భారతీయ బిషప్ అయ్యారు. పల్లెవాళ్లు తమ పాటతో, తమ ఆటతోనే ఆరాధన చేయాలని ఆయన ఆశ. 1939లో ప్రతిష్ఠ చేసిన డోర్నకల్ దేవాలయం చూడండి, గుమ్మటాలు మసీదును, స్తంభాలు గుడిని పోలుతాయి. ఆయన 1945లో పోయారు, నేను పుట్టకముందే. మా నాన్న మాత్రం ఆయన్ను చూశానని చచ్చిపోయేదాకా చెప్పుకున్నాడు.

డ్యాన్సు అంటే లోకం పద్ధతి అనే పెద్దలు అప్పుడూ ఉన్నారు. పంతులయ్య వాళ్లకు ఒకటే చెప్పేవాడు. నిబంధన మందసం యెరూషలేముకు వస్తుంటే దావీదు నార ఏఫోదు కట్టుకుని నాట్యమాడలేదా, కిటికీలోంచి చూసి చీదరించుకున్న భార్య మీకాలు ఏమైందో చదువుకోండి అని. ఎర్రసముద్రం దాటాక మిర్యాము తంబుర పట్టలేదా? కేరళలో మన సాటి క్రైస్తవులు మార్గంకళి ఆడతారు, చవిట్టునాటకంలో పలకలు అదిరేలా కాళ్లు తన్ని ఆడతారు. మంగళూరు వైపు ఫ్రాన్సిస్ బర్బోజా గారు ఫాదర్‌గా ఉంటూ భరతనాట్యం నేర్చారు. శివుడికీ విష్ణువుకూ హస్తముద్రలున్నాయి, తండ్రికీ కుమారుడికీ లేవని కొత్త హస్తాలు కూర్చారు. జెస్యూట్ ఫాదర్ సాజు జార్జ్ గారు ఇప్పటికీ క్రీస్తు కథలు భరతనాట్యంలో ఆడుతున్నారు. గుర్రం జాషువా గారి 'క్రీస్తు చరిత్ర'కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఈ మట్టి మాటలో, ఈ మట్టి అడుగులో ఆ కథ ఇముడుతుందని ఇంతమంది చేసి చూపించారు. ఇప్పుడు మా సంఘంలో కోలాటం పేరెత్తితే, అది బయటివాళ్లది అంకుల్, వద్దు అంటున్నారు. సినిమా స్టెప్పు మనదెప్పుడయింది? నాకు ఎవరూ జవాబు చెప్పలేదు.

నేను 1979లో ఉద్యోగం మీద ఈ పక్కకు వచ్చాను. మలక్‌పేట దాటితే ఊరు పలచబడేది. దిల్‌సుఖ్‌నగర్‌లో, చైతన్యపురి వైపు, సరూర్‌నగర్ చెరువు పక్క ఖాళీ ప్లాట్లు ఎన్నో. ఖమ్మం, నల్లగొండ నుంచి వచ్చినవాళ్లమే అంతా. డిసెంబర్ వస్తే ఒక ఖాళీ ప్లాటులో చెత్త ఎత్తి నీళ్లు చల్లి ఆడేవాళ్లం. చుట్టూ అన్ని మతాలవాళ్లూ నిలబడి చూసేవాళ్లు. బతుకమ్మ ఆడే ఆడవాళ్లకు వలయం కొత్తేం కాదు, రెండో రోజుకు పల్లవి వాళ్లే అందుకునేవాళ్లు.

ఇప్పుడు ఆ ప్లాట్ల మీద హాస్టళ్లు, కోచింగ్ సెంటర్లు లేచాయి. కొత్తపేట పండ్ల మార్కెట్టే బాటసింగారం పోయింది, కోలాటానికి జాగా ఎక్కడ? వలయానికి నాలుగు దిక్కులా చోటు కావాలి. స్టేజీకి ఒక్కటే దిక్కు, ఫోనుకూ ఒక్కటే దిక్కు. అందుకే పిల్లలు ఒకళ్ల మొహం ఒకళ్లు చూడకుండా ఆడుతున్నారు. ఇది నాకు బాధ. సాధన కూడా రెండు ఆదివారాలే, మధ్యలో ట్యూషన్లు. మాకు నలభై రాత్రులు పట్టేది, చేతులు కాయలు కాసేవి.

ఇంటికొచ్చాక అటక మీంచి నా కోలలు దించాను. చేవదేలిన కర్ర, మువ్వలు సగం ఊడాయి. డాబా మీదికి తీసుకెళ్లి మనవరాలి చేతికి ఇచ్చాను. మొదటి దెబ్బకే నా బొటనవేలి మీద వేసింది. "నా కర్ర చూడకు, నా కళ్లు చూడు" అన్నాను, పంతులయ్య చెప్పినట్టే. పావుగంటకు రెండు దెబ్బలు కలిశాయి. కింది వాటాలో అబ్బాయి చప్పుడుకు పైకొచ్చాడు, వాళ్ల చెల్లెల్ని పిలిచాడు. నలుగురం. వాళ్లు ఏ మతమో నేను అడగలేదు. నఫ్తాలి నేనే. లేవిగా ఉండేందుకు ఆ అబ్బాయి ఒప్పుకున్నాడు. ఇంకా ఎనిమిది మంది కావాలి, లాంతరు పట్టుకోవడానికి ఒక చిన్నపిల్లవాడు కావాలి.